దుబాయికి ఎంత దూరము? ఎంత కాలము?

గత సంవత్సరమున మేము తొమ్మిదవ తరగతికి రేఖాంశముల పాఠము చెప్పుచుండగా నొక విద్యార్థి లేచి యిట్లడిగెను: “అయ్యా, మా బాపు దుబాయికి పోవునప్పుడు హైదరాబాదులో ఉదయము పది గంటలకు విమానమెక్కి, పన్నెండున్నరకు అక్కడ దిగినాడు. వచ్చునప్పుడు అక్కడ రాత్రి పది గంటలకెక్కి, తెల్లవారుజామున మూడు గంటలకు ఇక్కడ దిగినాడు. పోవుటకు రెండున్నర గంటలు, వచ్చుటకు అయిదు గంటలు! దారి యొక్కటియే కదా, ఇంటికి వచ్చు దారి యెందుకంత దూరమైనది?”

తరగతిలో కొందరు నవ్విరి. మేము నవ్వలేదు. ఏలయన సుల్తానాబాదు పరిసర గ్రామములలో తండ్రియో, అన్నయో, మేనమామయో గల్ఫు దేశములలో పని చేయుచున్న కుటుంబములు అనేకములు కలవు. కరీంనగరము, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతములనుండి మనవారు అచ్చటికి పోవుట ప్రారంభమై కొన్ని దశాబ్దములైనది. ఆ దేశపు దూరమును, కాలమును సరిగా తెలిసికొనుట మన పిల్లలకు కేవలము పరీక్ష కొరకైన విద్య కాదు. ఆ దినము ఆ బాలునకు చెప్పిన సమాధానమునే మరికొంత విస్తరించి యిచ్చట వ్రాయుచున్నాము. తలిదండ్రులు కూడ దీనిని చదువవలెనని మా కోరిక.

దూరమునకు రెండు కొలతలు

మన పెద్దలు దూరమును క్రోసులతోను ఆమడలతోను చెప్పుచుండిరి. క్రోసనగా సుమారు రెండు మైళ్లు. ఆమడ యనగా ప్రాంతమునుబట్టి ఎనిమిది మొదలు పది మైళ్లు. పరిశుద్ధ గ్రంథములోనో, మూడు దినముల ప్రయాణమనియు ఏడు దినముల ప్రయాణమనియు దూరము చెప్పబడుట మీరు చదివియున్నారు. మొదటి పద్ధతి నేలను కొలుచును. రెండవది కాలమును కొలుచును. నేల కొలత మారదు. కాలపు కొలత వాహనమునుబట్టియు, గాలినిబట్టియు మారును. ఈ రెంటిని కలిపివేయుటవలననే అనేకులకు భ్రమ కలుగుచున్నది. కావున మొదట నేలను కొలిచి, తరువాత కాలమును లెక్కింతము.

నేల కొలత

గోడమీది పటమున స్కేలు పెట్టి కొలిచిన చాలదు. భూమి గుండ్రనిది, పటము బల్లపరుపైనది. గుండ్రని దానిని బల్లపరుపుగా పరచునప్పుడు కొన్నిచోట్ల సాగదీయక తప్పదు. పాఠశాలలోని గ్లోబుపై ఒక దారపు కొనను హైదరాబాదునొద్ద నుంచి, రెండవ కొనను దుబాయికి బిగించి చూడుడు. ఆ దారము నిలిచిన మార్గమే మిక్కిలి దగ్గర మార్గము.

ఇపుడు లెక్క చేయుదము. హైదరాబాదు విమానాశ్రయము శంషాబాదునొద్ద, సుమారు 17¼ డిగ్రీల ఉత్తర అక్షాంశమునను 78.4 డిగ్రీల తూర్పు రేఖాంశమునను కలదు. దుబాయి విమానాశ్రయము 25¼ డిగ్రీల ఉత్తర అక్షాంశమునను 55.4 డిగ్రీల తూర్పు రేఖాంశమునను కలదు. అనగా దుబాయి మనకు ఉత్తరముగా 8 డిగ్రీలు, పడమరగా 23 డిగ్రీలు.

అక్షాంశములో ఒక డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్లు. కావున ఉత్తరపు భాగము 8 × 111 = 888 కిలోమీటర్లు. రేఖాంశముల సంగతి వేరు. అవి భూమధ్యరేఖవద్ద దూరదూరముగా నుండి, ధ్రువములవైపు పోవుకొలది దగ్గరపడును. మన రెండు ఊళ్లకు నడిమిదైన 21 డిగ్రీల అక్షాంశముచెంత ఒక రేఖాంశపు డిగ్రీకి సుమారు 104 కిలోమీటర్లు మాత్రమే. కావున పడమటి భాగము 23 × 104 = 2,392 కిలోమీటర్లు.

ఇవి లంబకోణ త్రిభుజమునకు రెండు భుజములు. కర్ణమును కనుగొనుట మీకు తెలియును. 888 వర్గము 7,88,544. 2,392 వర్గము 57,21,664. ఈ రెంటి మొత్తము 65,10,208. దీని వర్గమూలము సుమారు 2,551. గుండ్రని భూమికి తగిన పెద్ద గణితముతో చేసినను ఇంచుమించు 2,550 కిలోమీటర్లే వచ్చును. పదవ తరగతి బాలుడు కాగితము, కలముతో హైదరాబాదునకును దుబాయికిని గల దూరమును ఇంత సరిగా కనుగొనగలడనుట సంతోషింపదగిన సంగతి కాదా?

కాలపు కొలత

ఈ మార్గమును నడచు జెట్టు విమానములు ఆకాశమున స్థిరపడిన తరువాత గంటకు సుమారు 850 కిలోమీటర్ల వేగముతో పోవును. 2,550ని 850చే భాగించిన సరిగా 3 గంటలు. కాని టికెట్టుపై వ్రాయబడిన కాలము అంతకంటె ఎక్కువ. పోవుటకు సుమారు 4 గంటలు, వచ్చుటకు సుమారు 3½ గంటలు. ఈ హెచ్చునకు కారణములు మూడు.

మొదటిది, టికెట్టుపై కాలము విమానము తన స్థానమును విడిచినది మొదలు ఆవలి ఊరిలో తన స్థానమున నిలుచువరకు లెక్కింపబడును. నేలపై మెల్లగా దొర్లుట, తన వంతుకై వేచియుండుట అందులోనివే. రెండవది, సుమారు పది కిలోమీటర్ల ఎత్తునకు ఎక్కునప్పుడును, దిగునప్పుడును విమానము పూర్తి వేగముతో పోజాలదు. పైగా ఆకాశమున ఏర్పరచిన దారులనే పోవలెను గాని మన దారమువలె తిన్నగా పోజాలదు. మూడవది గాలి. పోకకును రాకకును గల అరగంట భేదమునకు ముఖ్య కారణమిదియే.

గోదావరిలో పుట్టిపై పోయినవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. నీటి వాలున పోవుట సులభము, ఏటికెదురుగా పోవుట కష్టము. గాలియు ఒక యేరు వంటిదే. చలికాలమున ఉత్తర భారతదేశము మీదను, అరేబియా మీదను, సుమారు పండ్రెండు కిలోమీటర్ల ఎత్తున పడమటినుండి తూర్పునకు మిక్కిలి వడిగల గాలి వీచును. దాని నడుమ వేగము పలుమారు గంటకు 150 కిలోమీటర్లను మించును. దుబాయికి పోవు విమానమునకది ఎదురుగాలి. తిరిగి వచ్చు విమానమునకు వాలుగాలి.

ఉదాహరణమునకు గాలి వేగము దారి పొడుగున 80 కిలోమీటర్లనుకొందము. పోవునప్పుడు విమానపు వేగము నేలనుబట్టి 850 − 80 = 770. 2,550ని దీనిచే భాగించిన 3 గంటల 19 నిమిషములు. వచ్చునప్పుడు 850 + 80 = 930. కాలము 2 గంటల 45 నిమిషములు. భేదము 34 నిమిషములు. టికెట్టుపైనున్న అరగంట భేదమునకు ఇది సరిపోవుచున్నది గదా.

వర్షకాలమున ఈ గాలి ఉత్తరమునకు తొలగిపోవును. అప్పుడు దక్షిణ భారతదేశము మీద మరింత ఎత్తున తూర్పునుండి పడమటికి వీచు వేరొక వడిగాలి యేర్పడును. దీనిని గూర్చి భారత వాతావరణ శాఖకు చెందిన శాస్త్రజ్ఞుడు పి. కోటేశ్వరం 1958లో ప్రకటించిన వ్యాసము ప్రపంచమున ప్రసిద్ధి చెందినది. కావున పోకకును రాకకును గల భేదము సంవత్సరము పొడుగున ఒకే తీరున నుండదు.

భూభ్రమణమును గూర్చిన భ్రమ

ఇచ్చట మా తరగతిలో వేరొక బాలుడు తెలివిగానే ఒక మాట యనెను: “భూమి పడమటినుండి తూర్పునకు తిరుగుచున్నది కదా! అట్లయిన విమానము పైకి లేచి ఊరకున్నను, దుబాయియే దానిక్రిందికి తిరిగి రావలెను.”

ఈ వాదము వినుటకు బాగున్నది గాని సరికాదు. హైదరాబాదు అక్షాంశమున నేల గంటకు సుమారు 1,600 కిలోమీటర్ల వేగముతో తిరుగుచున్నది. గాలి నేలతోపాటు తిరుగక నిలిచిపోయినయెడల, మన పాఠశాల ఆవరణలో ఎల్లప్పుడు 1,600 కిలోమీటర్ల ప్రచండవాయువు వీచవలసియుండును. మామిడిచెట్టు కాదు గదా, గోడలు కూడ నిలువవు. గాలియు నేలతోపాటే తిరుగుచున్నది. ఆ గాలిలోని విమానమును అట్లే. పరుగెత్తుచున్న రైలులో కూర్చుండి చింతగింజ నొకదానిని పైకెగురవేయుడు. అది వెనుకటి పెట్టెలో పడదు, మీ చేతిలోనే పడును.

గడియారపు లెక్క

ఇక రెండున్నర, అయిదు గంటల చిక్కు. భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగును. అనగా గంటకు 15 డిగ్రీలు, డిగ్రీకి 4 నిమిషములు. భారతదేశపు గడియారము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశముననుసరించి నడుచుచున్నది. ఆ రేఖ మన కాకినాడ సమీపముననే పోవుచున్నది. దుబాయి గడియారము 60 డిగ్రీల రేఖాంశముననుసరించినది. భేదము 22½ డిగ్రీలు; నాలుగుచే గుణించిన 90 నిమిషములు. కావున మనకు మధ్యాహ్నము పన్నెండయినప్పుడు వారికి ఉదయము పదిన్నర.

మన బాలుని లెక్కను మరల చూతము. తండ్రి పది గంటలకు ఎక్కి నాలుగు గంటలు ప్రయాణించెను. మన గడియారమున రెండు గంటలైనది. కాని అచ్చటి గోడ గడియారము పన్నెండున్నర చూపెను. తిరుగుటలో అచ్చటి రాత్రి పది గంటలకు ఎక్కెను. అది మనకు పదకొండున్నర. మూడున్నర గంటలు కలిపిన మూడు గంటలు. అందుచేత పోవుటకు పట్టినది నాలుగు గంటలు, వచ్చుటకు పట్టినది మూడున్నర గంటలు. గడియారము ఒక దిక్కున గంటన్నర దాచి, రెండవ దిక్కున గంటన్నర హెచ్చించి చూపినది.

ఇందొక సులభోపాయము కలదు. గడియారముల భేదము తెలియకున్నను, పోకను రాకను కలిపి సగము చేసిన, సగటు ప్రయాణకాలము వచ్చును. 2½ + 5 = 7½; సగము 3¾ గంటలు. నిజమైన కాలములు 4, 3½. వాని సగటును 3¾ గంటలే. ఒకవైపు తీసివేసినదే రెండవవైపు కూడబడుటచేత మొత్తమున అది రద్దగును.

ఈ గంటన్నర భేదము ఇంటివారికి నిత్యము పనికివచ్చును. సాయంకాలము బడి విడిచిన వెంటనే నాలుగున్నరకు ఫోను చేసిన, అక్కడ మూడు గంటలే; తండ్రి పనిలో నుండును. రాత్రి తొమ్మిదికి చేసిన, అక్కడ ఏడున్నర. ఆ దేశమున జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము 12:30 నుండి 3 గంటల వరకు ఎండలో పని చేయించరాదను నియమము కలదు. అది మన గడియారమున 2 గంటల నుండి 4:30 వరకు. ఆ వేళ నీడను విశ్రమించు తండ్రిని తలచుకొను పిల్లలకు ఈ లెక్క యెట్లు విసుగు పుట్టించును?

పూర్వపు ప్రయాణము

ఈ నాలుగు గంటల దూరము పూర్వమెట్లుండెనో కొంచెము చెప్పెదము. బొంబాయి రేవున ఓడయెక్కి, కరాచీ మొదలగు రేవులలో ఆగుచు గల్ఫు రేవులకు పోవుటకు దినములు పట్టెడిది. ఆ మార్గమున నడచిన ఓడలలో కడపటిదైన ద్వారక 1982 వరకు ప్రయాణికులను చేరవేసెను.

విమానముల విషయమున 1932 అక్టోబరు నెల స్మరింపదగినది. లండను నుండి కరాచీకి వచ్చు ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానములు దుబాయి పొరుగుననున్న షార్జాలో దిగుట ఆ నెలలోనే మొదలైనది. ఆ నెల 15వ తేదీననే జె. ఆర్. డి. టాటా చిన్న విమానముపై కరాచీ నుండి ఉత్తరములను బొంబాయికి తెచ్చెను. అక్కడినుండి నెవిల్ విన్సెంట్ వానిని బళ్లారి మీదుగా మద్రాసునకు చేర్చెను. హైదరాబాదులో బేగంపేట విమానాశ్రయము 2008 మార్చి వరకు ప్రయాణికుల విమానములకు ఉపయోగపడెను; ఆ నెలలోనే శంషాబాదు విమానాశ్రయము తెరువబడెను.

ఇంటి గడపనుండి లెక్క

సుల్తానాబాదు నివాసికి ప్రయాణము శంషాబాదులో మొదలు కాదు, ఇంటి గడపవద్ద మొదలగును. రాజీవ్ రహదారి మీద కరీంనగరము, సిద్ధిపేట మీదుగా హైదరాబాదు చేరి, ఆ నగరమును దాటి దక్షిణమునకు పోయిన గాని శంషాబాదు రాదు. అది రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దారి. దారిలోని ఆటంకములతో కలిపి ఆరు గంటలు ఉంచుకొనుట మంచిది. విమానాశ్రయమున మూడు గంటలు ముందుగా నుండవలెను. అనగా 2,550 కిలోమీటర్లు ఎగురుటకు నాలుగు గంటలు. దానికి ముందు నేలపైననే తొమ్మిది గంటలు!

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి నిప్పుడు చెప్పుచున్నాము. గల్ఫు విమానములు పెక్కులు అర్ధరాత్రి దాటిన తరువాత బయలుదేరును. టికెట్టుపై “14వ తేదీ, 00:40” అని యున్నదనుకొనుడు. దీనిని చూచి “పదునాలుగవ తేదీ రాత్రి” యని చెప్పుకొనుట మనవారి వాడుక. అది తప్పు. 00:40 అనగా పదునాలుగవ తేదీ పుట్టిన నలుబది నిమిషములకు. మన వాడుకలో అది పదమూడవ తేదీ రాత్రియే.

మాకు తెలిసిన యొక కుటుంబమునకు ఈ పొరపాటు జరిగినది. సెలవుపై వచ్చిన తండ్రి తిరిగి పోవలసిన దినమున, చుట్టములను పిలిచి, దేవునికి ప్రార్థన చేసికొని, సాయంకాలము కారులో బయలుదేరిరి. విమానాశ్రయమున టికెట్టు చూపగా, ఆ విమానము గడచిన రాత్రియే పోయినదని తెలిసినది. టికెట్టు సొమ్ము పోయినది. క్రొత్త టికెట్టుకు అప్పు చేయవలసి వచ్చినది. పనిలో చేరవలసిన గడువు దాటిపోవునను భయముతో ఆ మనుష్యుడు విమానాశ్రయపు వాకిటనే రాత్రియంత కూర్చుండెను. ఆ యింటిలో హైస్కూలు చదివిన పిల్లలు ఇద్దరుండిరి. టికెట్టును వారికెవ్వరును చూపలేదు. వారును అడిగి చూడలేదు. పాఠశాలలో నేర్చినది ఇంటికి అక్కరకు రాని యెడల ఆ నేర్పు ఎవరికొరకు?

కావున విద్యార్థులారా, మీ యింట ఎవరైన ప్రయాణమగునప్పుడు టికెట్టును మీరే అడిగి చదువుడు. తేదీ, గంట, ఏ ఊరి గడియారము అను మూడు సంగతులు చూడుడు. టికెట్టుపై బయలుదేరు కాలము బయలుదేరు ఊరి గడియారముననుసరించియు, చేరు కాలము చేరు ఊరి గడియారముననుసరించియు ఉండును. అక్కడినుండి వెనుకకు లెక్కించి, ఇల్లు విడువవలసిన వేళను కాగితముపై పెద్ద అక్షరములతో వ్రాసి గోడకంటింపుడు. తలిదండ్రులారా, పిల్లవాడు అడిగినప్పుడు “నీకేమి తెలియును” అని త్రోసివేయక వాని చేతికియ్యుడు.

బాలుని సమాధానము

లెక్క ముగిసిన పిమ్మట ఆ బాలుడు తన పుస్తకములో మరల చేసి చూచుకొనెను. కొంతసేపటికి తలయెత్తి, “అయితే, అయ్యా, ఇంటికి వచ్చు దారి దూరము కాదు, పోవు దారికంటె అరగంట తక్కువే” అనెను. ఔను, అంతియే. నేల కొలత రెండువైపుల నొక్కటే. గాలి మాత్రము వచ్చువానికి సహాయపడుచున్నది. ఈ వేసవిలో వాని తండ్రి తిరిగి పోయినప్పుడు, ఇల్లు విడువవలసిన వేళను వాడే లెక్కించి చెప్పెనట. సమయమునకు ముందే చేరితిమని తల్లి మాకు చెప్పినది.

దూరదేశముననున్నవారిని విడువని దేవుని గూర్చి తెలిసికొనగోరువారు 139వ కీర్తనను ఇంట చదువుకొందురు గాక.

అభ్యాసములు

1. మస్కట్టు నగరము శంషాబాదునకు ఉత్తరముగా 6.4 డిగ్రీలు, పడమరగా 20 డిగ్రీలు ఉన్నది. పైన చూపిన విధమున దూరమును కనుగొనుడు.

2. రియాదు గడియారము మనకంటె 2½ గంటలు వెనుక. హైదరాబాదులో ఉదయము 6 గంటలకు లేచిన విమానము రియాదులో అచ్చటి గడియారమున 8:30కు దిగినది. ప్రయాణకాలమెంత?

3. టికెట్టుపై “14వ తేదీ, 00:40” అని యున్నది. విమానాశ్రయమున మూడు గంటలు ముందుగా నుండవలెను. దారికి ఆరు గంటలు. సుల్తానాబాదులో ఇల్లు ఏ తేదీన, ఎన్ని గంటలకు విడువవలెను?

జవాబులు: (1) సుమారు 2,200 కిలోమీటర్లు. (2) 5 గంటలు. (3) 13వ తేదీ మధ్యాహ్నము 3:40.